పూర్వజ్ఞాన పరీక్ష

పాఠ్యపథకంలో మొదటి గడి అదే.
ఎర్ర సిరాతో గీత కొట్టి రాశాను:
పూర్వజ్ఞాన పరీక్ష, అయిదు నిమిషాలు.

విజయనగరంలో కొన్న రంగుల చార్టును
వజ్రపుకొత్తూరు బస్సులో ఒడిలో పెట్టుకుని
మడత పడకుండా తెచ్చాను.
జిరాఫీ మెడ మీద మాత్రం నా చెమట మరక.

నాలుగో తరగతి. ముప్పై ఒక్క మంది.
సింహం అనగానే చేతులన్నీ లేచాయి.
కంగారూ సంచిలో ఏముందో చెప్పారు.
పెంగ్విన్ ఉండే చోటు
రేకులు అదిరేలా ఒక్క గొంతుతో అరిచారు.
వెనక బెంచీలో తవిటినాయుడు మాస్టారు
నా రికార్డులో టిక్కు పెట్టారు.

"మరి మన ఊళ్లో ఏ జంతువులున్నాయి?"
పథకంలో లేని ప్రశ్న. నోరు జారింది.
ఎవరూ పలకలేదు.
కిటికీ పక్కన రూపవతి,
జీడిసొనకి వేళ్లకొసలు నల్లబడ్డ పిల్ల, లేచింది.
"పరీచ్చలో వస్తాదేటి టీచరుగారూ?"
"రాదు."
"అయితే సెప్తాను.

ఎలుగు. తల్లీ రెండు పిల్లలూ.
జీడిపళ్లు రాల్తే ఆసనకి దిగుతాయి.
పిల్లలు ఈపు మీదుంటే ఎదురెళ్లకూడదు.
మా సిన్నాన్న ఎళ్లాడు."
ఆగింది.
ఎడమ చెంప మీద వేలితో పైనుంచి కిందికి గీసి చూపింది.

ఇంక గది నా చేతిలో లేదు.
జాలారిపేట గురుమూర్తి: "మాగమాసంలో తాబేళ్లొచ్చి
ఇసకలో గుడ్లెట్టి ఏడుసుకుంటా పోతాయి."
ఇంకెవరో: "అలుగుని ముట్టుకుంటే బంతైపోద్ది!"
నాకు తెలిసిన అలుగు చెరువుది, నీళ్లు పొర్లేది.
నోరు విప్పలేదు.
ఒక పిట్ట పేరు చెప్తే ఎలా రాయాలని అడిగాను.
"రాసీది కాదండి, అరిసీది," అని
అరిచి వినిపించాడు.
బయట చెట్టు మీంచి ఏదో బదులు పలికింది.

మాస్టారు రికార్డులో రాసింది రెండే మాటలు:
సమయపాలన లేదు.
ఆ పైన ఏదో రాయబోయి
కలం మూత పెట్టేశారు.

రికార్డు పూర్తి చేసి బయల్దేరేసరికి పొద్దు వాలింది.
బస్సు దగ్గరికి తోటల్లోంచే దారి.
కుళ్లిన జీడిపళ్ల పులిసిన తీపి వాసన.
గట్టు మీంచి రూపవతి కేకేసింది:
"మాట్లాడుకుంటా ఎళ్లండి టీచరుగారూ,
ఇంటే అదే తప్పుకుంటాది!"

ఒక్కదాన్ని. ఎవరితో మాట్లాడను?
చార్టు చుట్ట చంకన పెట్టుకుని
గొంతెత్తి పాఠం మొదలుపెట్టాను:
ఎలుగు. అలుగు. ఉడుము. తాబేలు.
పిట్ట దగ్గరికొచ్చాక
అరవడం సరిగ్గా రాలేదు.
మళ్లీ అరిచాను.