అరవై అయిదో ప్రశ్న

కోఠీలో, రెండో అంతస్తులో
ఒప్పంద పత్రం మీద రెండు సంతకాలు పడుతుంటే
నేను వెనక వరుసలో సమోసా ప్లేట్లు లెక్కపెడుతున్నాను.
యూనివర్సిటీ సంతకం నల్లసిరా,
సర్కారుది ఆకుపచ్చ.
ఫోటో కోసం ఇద్దరూ ఫైలును
ఇరవయ్యొకటో రోజు బిడ్డలా చెరో పక్క పట్టుకున్నారు.
బిడ్డ పేరు ఉప్పు తగ్గింపు, మూడేళ్ల పథకం.

ఎత్తుకుని తిరిగేది మాత్రం
నేనూ, ఆశా బాలమణీ.

అడ్డగుట్ట మెట్లు సగం ఎక్కేసరికి నాకు ఆయాసం.
భుజాన ట్యాబ్, బీపీ మిషను, అరవై నాలుగు ప్రశ్నలు.
ఏ సందులో కుక్క కరుస్తుందో,
ఏ ఇంట్లో ఒకే మాత్రను విరిచి
మొగుడూ పెళ్ళాం చెరి సగం మింగుతారో
బాలమణికి ఏ రిజిస్టరూ చెప్పలేదు.
పైకి పోయేకొద్దీ నా ట్యాబ్‌కు సిగ్నల్ ఉండదు.
ఆమె నాలుక మీద బస్తీ అంతా ఉంటుంది.

"ఇరవై నాలుగు గంటల మూత్రం ఈ క్యాన్‌లో పట్టాలమ్మా"
అని చదివానో లేదో
గోడ అవతల నుంచి కూడా నవ్వులు.
"పనికిపొయ్యే ఇంటికి గూడ ఈ డబ్బా మోస్కపోవాల్నా?
మేడమ్ అడిగితే ఏం జెప్పాలె,
సర్కారుకు దాస్తున్ననని జెప్పాల్నా?"
నా మాన్యువల్‌లో జవాబు లేదు.
బాలమణి తన గుడ్డసంచి దులిపి
క్యాన్‌ను అందులో దింపి, పైన కొత్తిమీర కట్ట కప్పింది.
ఆ పూట శాంపిల్ ఒకటి పెరిగింది.

షాహెదా బీ ఇంట్లో, యాభై మూడు:
అన్నంలో విడిగా ఉప్పు వేసుకుంటారా?
ఎప్పుడూ. అప్పుడప్పుడు. ఎన్నడూ లేదు.
పైసంఖ్య నూట డెబ్బై ఆరు.
చేతిపట్టీ గాలి వదిలే చప్పుడు వింటూ అంది:
"సాలన్ ఉన్ననాడు ఎందుకేసుకుంట బేటా?
సాలన్ లేనినాడు ఉప్పే సాలన్."

మూడు గళ్లు.
ఒకటి ఎంచుకోమని ఎర్ర అక్షరాలు వెలిగి ఆరుతున్నాయి.
అప్పుడప్పుడు అని నొక్కాను.
మాటను మాత్రం అరచేతిలో రాసుకున్నాను.
మెట్లు దిగేసరికి చెమటకు మిగతాదంతా పోయి
ఉప్పే మిగిలింది.

ఆర్నెల్లకు సమీక్ష.
తెర మీద కడ్డీలు లేచాయి, పడ్డాయి.
ప్రొఫెసర్ సుహాసిని గారు ఎందుకు అంటారు,
జాయింట్ డైరెక్టర్ నర్సిములు గారు ఎప్పటికి అంటారు.
ఆమెకు అచ్చవ్వాలి.
ఆయనకు మార్చి ముప్పై ఒకటిలోగా ఖర్చవ్వాలి.
"పోస్టర్లు అతికించారా?"

నేను లేద్దామనుకున్నాను.
బాలమణి లేచింది,
హాజరుపట్టీలో సంతకానికని పిలిచిన మనిషి.
"అతికిచ్చినం సార్. రేషన్ దుకాణం గోడకే.
ఉప్పు తగ్గించుర్రి అని ఇంత పెద్ద అచ్చరాలు.
లోపల ఉప్పు ఉంది, పప్పు లేదు."

ఏసీ చప్పుడు ఒక్కటే.
ఆకుపచ్చ పెన్ను మూత తీసి, పెట్టి, మళ్ళీ తీశారాయన.
కెమెరా లేకుండా ఆ ఇద్దరూ
ఒకరి మొహం ఒకరు చూసుకోవడం నేను చూడటం అదే మొదలు.

పప్పు సంగతి వేరే శాఖకు ఉత్తరమైపోయింది.
ఎవరి బల్ల మీదుందో తెలీదు.
రెండో విడత ఫారం చివర
అరవై అయిదో ప్రశ్న వచ్చింది:
నిన్న కూర ఏమిటి?
గళ్లు లేవు. ఒక ఖాళీ గీత.

అప్పటికి షాహెదా బీ ఎడమ చెయ్యి
గాంధీ ఆస్పత్రిలో పదకొండు రోజులుండి
బరువుగా తిరిగొచ్చింది.
నేను ప్రశ్న చదవడం మొదలుపెట్టి, మధ్యలో ఆపేశాను.
ఆమె కుడిచేత్తో గిన్నె మూత తీసింది.
"నిన్నటిదే. చూసి రాస్కో."
చింతచిగురు.

ఇంటింటా ఏమీ తినకూడదని మాన్యువల్.
వేలితో రుచి చూశాను.
చప్పగా ఉంది.
ఆ మాట ఎక్కడ రాయాలో
బాలమణిని అడిగాను.