ఇరవై ఏడు రూపాయలు ఎక్కువ

నకిరేకల్ నిమ్మకాయల మార్కెట్‌ల
ఆఖరి లారీ హైవే ఎక్కింది.
నేల మీద చితికిన కాయల పులుపు
కండ్లల్లకు ఎక్కుతున్న యాళ్ల
సోమనర్సయ్య సారు గల్లా రెండోసారి ఎంచిండు.
ఇరవై ఏడు రూపాయలు ఎక్కువ.

తక్కువ కాదు. ఎక్కువ.

"మంచిదే గద, చాయ్‌లకు అయితయి" అన్నడు
ఉపేందర్ సేటు, షట్టర్ సగం దింపి.
సారు అద్దాలు తుడుసుకుంట అన్నడు:
"తక్కువొస్తే మనది ఎటో పోయినట్టు.
ఎక్కువొస్తే
ఎవలదో మన దగ్గర ఉండిపోయినట్టు.
పోయినదాన్ని మర్శిపోవచ్చు సేటూ,
ఉండిపోయినదాన్ని ఎట్ల మర్శిపోతం?"

నాకప్పుడు పదహారేండ్లు.
తక్‌పట్టీలు తీగకు గుచ్చుడు, చాయ్ తెచ్చుడు నా పని.
లెక్కలంటే కూడికలే అనుకునేటోన్ని.
కూడిక ఆఖరికి వచ్చేదట,
ముందుగాల వచ్చేది అనుమానమట,
అది కూడ మంది మీద కాదు,
నీ చేతి మీద నీకు.

"ఇరవై ఏడు తొమ్మిదితోని తెగుతదా?"
"తెగుతది సార్."
"అయితే దొంగను ఎతకకు.
అంకెలు జాగలు మార్చుకున్నయేమో చూడు."

ఒక మోకాలు మీద చిట్టా, ఇంకో మోకాలు మీద ఆవర్జా.
వేలు ఇటునుంచి అటు, అటునుంచి ఇటు.
హమాలి, దడ్వాయి, కమీషన్, సుతిలి తాడు ఖర్చు,
నూట నలభై రెండు పద్దులు.
నడుమ కరెంటు పోయింది.
సెల్లు లైటు నేను పట్టిన, చెయ్యి మార్చుకుంట మార్చుకుంట.
సేటు ఎప్పుడు ఇంటికి పోయిండో చూడనే లేదు.

పదకొండు దాటినంక వేలు ఆగింది.
కట్టంగూరు దిక్కు సైదమ్మ, నాలుగు బస్తాలు.
చిట్టాల పద్దెనిమిది వందల నలభై ఒకటి.
ఆవర్జాల పద్దెనిమిది వందల పద్నాలుగు.
నాలుగు కుర్చీల ఒకటి, ఒకటి కుర్చీల నాలుగు.
కింద ఆమె ఏలిముద్ర, ఎప్పుడో ఆరిపోయింది.

ఆ పొద్దున సారుకు జరం.
ఆ ఒక్క పేజీ రాసింది నేను.

సారు తిట్టలేదు.
"సైదమ్మకు బాకీ, 27" అని రాసి
పైసలు కాయితంల చుట్టి పక్కకు పెట్టిండు.
"ఇగ ఇప్పుడు గల్లా మనది" అన్నడు.

మూడో దినం ఆమె వచ్చింది.
రెండుసార్లు ఎంచి కొంగుకు ముడేసుకుంది.
సంబురపడుతదనుకున్న.
కాంటా దిక్కు చూసుకుంట అడిగింది:
"రాసుడు తప్పితే మల్లిచ్చిండ్రు, మంచిదే.
మరి బస్తకు రెండు కిలోలు కడ్తా తీస్తరు గద,
అది సక్కగ రాసిందేనా?"

సక్కగ రాసిందే.
పైస తేడా లేదు దాంట్ల.
సారు నోట్ల మాట లేదు.

ఆ మాపు ఆవర్జాల కొత్త పేజీ తెరిచిండు.
పైన "కడ్తా" అని రాసిండు, అంతే.
అన్నేండ్లు పేరు లేకుంట తూకంల కలిసిపోయినదానికి
ఒక ఖాతా అయ్యింది.
మార్చి ఆఖర్ల మొత్తం వేసి
సేటు ముంగట పెట్టిండు.
సేటు క్యాలిక్యులేటర్ దిక్కే చానసేపు చూసిండు,
అది అబద్ధం చెప్పినట్టు.
ఎండకాలంకెల్లి కడ్తా ఒక కిలో అయ్యింది.
సగమే తగ్గింది.
అది కూడ రాసి పెట్టాలె.

ఇప్పుడు నా ముంగట కంప్యూటర్.
రెండు దిక్కులు కలవకుంటే పద్దే తీసుకోదు.
కొత్తగ చేరిన బీకాం పిలగాడు అంటడు:
"మిషనే సరిచూస్తది గద అన్నా, మనం చూసేదేంది?"
గల్లా ఎంచమంట.
ఎంచుతడు. "బరాబర్ ఉన్నయి."

"అయితే పోయి
కాంటా కాడ జరసేపు నిలబడు.
ఎవలన్న ఏమన్న అడుగుతరేమో విను."