భయం యాడున్నదో చెప్పి దిగుండ్రి

గోదావరిఖనిల బాయి అంటే రెండు.
ఒకటి నీళ్లది, ఒకటి బొగ్గుది.
రెండోదాంట్ల ఇరవై ఆరేండ్లు జేసి
రిటైరైనంక
కాలనీ ఈత కొలను కాడ కూసుంటున్న,
మెడల విజిల్, పక్కన స్టీలు బేసిను.

మొదటి దినం ఎవల్నీ దిగనియ్య.
మెట్ల మీద కూసోబెట్టి అడుగుత:
"భయం యాడున్నది? ఏలు పెట్టి సూపెట్టుండ్రి."
ఓంకార్ కడుపు మీద పెట్టిండు.
శాన్విక మోకాళ్ల మీద.
తమ్మునితోని వచ్చిన పెద్దోడు అసలు భయమే లేదన్నడు,
ఆని ఏళ్లు మాత్రం నిక్కరు బొందెను
మెలిపెడుతనే ఉన్నయి.

"పైసలు కట్టి వారమాయె ఓదెలన్నా,
పిల్లలను నీళ్లల్ల ఎప్పుడు దింపుతవ్?" అంటది లచ్చవ్వ.
ఒళ్లు ఇయ్యాలనే దిగుతది అక్కా,
మనసు మెట్ల మీదనే కూసుంటది.
సగం మనిషిని నేనెట్ల తేల్చాలె?

గట్టు పట్టుకొని కాళ్లు కొట్టుడు, అరవై.
మోకాలు మడవద్దు, ఊపు తొడ నుంచి రావాలె,
తప్పితే మళ్ల ఒకటి కాంచి.
అటెన్క కాలిన సిమెంటు మీద తువ్వాల పరిచి
కండ్లు మూసుకొని
ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు ఈదాలె, పండుకోనే.
"నడుమల ఆగినోళ్లు చేతులెత్తుండ్రి" అంటే
నాలుగు చేతులు లేస్తయి.
నిజం చెప్పినందుకు నాలుగు పల్లిపట్టీలు.
బేసిన్ల మొఖం ముంచి
బుడగలతోని ఎవల పేరు వాళ్లు చెప్పుకోవాలె.
నీళ్లల్ల అన్ని పేర్లు ఒక్క తీర్గనే ఇనవడ్తయి.

ముదస్సిరా అన్నిట్ల ఫస్టు.
లెక్క తప్పది, మోకాలు మడవది,
కండ్లు మూస్తే రెండుసార్లు పోయొస్తది.
కని నీళ్లల్ల కడ్డీ ఇడువది.
పద్దెనిమిది దినాలు ఆ ఇనుము
ఆమె గుప్పిట్లనే మెరుగెక్కింది.

ఒకనాడు అడిగింది:
"సార్, మీకు యాడుంటది?"

ఇన్నేండ్లల్ల ఒక్కలు అడగలే. ఇంట్ల గూడ.
నా ఏలు దానంతట అదే పోయి
కుడి చెవ్వు మీద ఆగింది.
చెప్పిన: నైట్ షిఫ్టు, దీపం ఆరింది,
గోడ ఎనుక నీళ్లు నడుస్తున్న సప్పుడు.
నీళ్లో, నా నెత్తురో తెల్వక
లెక్కపెట్టుకుంట నిలవడ్డ.
"ఎంత దాకా?"
పదకొండు. పదకొండుకు అవుతల దీపాలు కనవడ్డయి.

ఆమె ఏమనలే.
జడను టోపీలకు దోపుకొని దిగింది.

నేను హాజరు రిజిస్టరు ముందరేసుకొని
లీకయ్యే పెన్నుతోని తిప్పలు పడుతుంటే
కడ్డీ దిక్కు సప్పుడు లేదు.
నాకలవాటైన ఆ గోళ్ల గీకుడు లేదు.

తలెత్తిన.
కొలను నడుమ ఎల్లెలకల,
చేతులు రెండు ఖాళీ,
పెదవులు మెల్లగ కదులుతున్నయి.

విజిల్ నోట్ల పెట్టుకున్న గని ఊదలే.
నేను గూడ లోపల్లోపల లెక్కపెట్టవడితి.
పదకొండు దాటింది.
పన్నెండు.
పదమూడు.