కంటి అంచున

వేపేరి పశువుల ఆస్పత్రి గోడకి ఎదురుగా
మెట్ల కింద నా కొట్టు.
ఇన్నేళ్ళలో ఆగిన గడియారాలు తప్ప
ఊపిరున్నదేదీ ఈ బల్ల మీదికి రాలేదు.

మూడో అంతస్తు యాళిని
దిండు గలేబు ముడి విప్పుతూ
"అణ్ణా, కంటికి పెట్టుకుంటారే ఆ అద్దం, ఒక్కసారి" అంది.
బయటికి జారింది మురుక్కు.
బాల్ పైథాన్. కాగితాలున్నాయట. కరవదట.
కాగితాల మాట వినకుండా
నా కాళ్ళు రెండూ స్టూలెక్కాయి.

నాలుగు రోజులుగా నీళ్ళ గిన్నెలోంచి లేవదట.
ఎలుకని చూసి మొహం తిప్పుకుందట.
రాత్రంతా గాజుకి దవడ రుద్దుతోందట.
"ఎండకనుకున్నా అణ్ణా,
మే నెలలో ఎవరికుండదు నీళ్ళలో పడుండాలని."

అద్దం బిగించి వంగాను.
పొలుసుకీ పొలుసుకీ నడుమ కాఫీ పొడి రాలినట్టుంది,
గడ్డం కింది గాడిలో, పెదవి గుంటల్లో,
కంటి చుట్టూ మరీ.
నూనె మరకేమో అనుకున్నాను.
మరక నడిచింది.

గడియారాల అద్దాలు తుడిచే తెల్లగుడ్డ తడిపి
మెడ నుంచి తోక దాకా ఒక్క తుడుపు.
పదకొండు చుక్కలు.
ఒకదాన్ని గోటితో నొక్కితే ఎరుపు.
ఆ ఎరుపు వాటిది కాదు, మురుక్కుది.

మా చెల్లెలికి పేలు పడితే
అమ్మ ఇలాగే తెల్లపంచె మీద దువ్వెన దులిపేది.
చెల్లెలికి గోక్కోవడానికి గోళ్ళుండేవి,
ఏడవడానికి నోరుండేది.
దీనికి చెయ్యి లేదు, మూసుకోవడానికి రెప్పయినా లేదు.
కంటి అంచున కూర్చుని తన నెత్తురు తాగేదాన్ని
చూస్తూ ఉండటమే.

గోడ అవతల డాక్టర్ జసింత
ముందు అడిగిన ప్రశ్న: "కిరసనాయిలు పూశారా?"
లేదన్నాం.
"అయితే బతుకుతుంది."
మందు కొలిచి ఇచ్చింది, చుక్క ఎక్కువైనా పాముకే ముప్పంది.
గుడ్లు దాని ఒంటి మీద ఉండవంది,
పెట్టె మూలల్లో, చెక్క పగుళ్ళలో వెతకమంది.

కొబ్బరి పీచంతా మూట కట్టి పారేసింది యాళిని.
కొళత్తూరులో బేరమాడి కొన్న ఎండుకొమ్మ దగ్గర మాత్రం
కాసేపు ఆగింది.
తర్వాత అదీ.
మరిగిన నీళ్ళతో పెట్టె కడిగి, మందు ఆరేదాకా ఆగి,
అడుగున ఉత్త న్యూస్‌పేపరు పరిచింది.
గోరువెచ్చని బకెట్లో మురుక్కు,
అడుగున మునిగిన నల్లటి నలుసులు.

మందు గుడ్డుని తాకదట,
పొదిగినవాటినే చంపుతుందట.
అందుకని వారానికోసారి, ఆరు వారాలు.
ఇది మాత్రం నాకు చెప్పక్కర్లేదు.
చక్రంలో ఒక్క పన్ను విరిగితే
ప్రతి చుట్టులోనూ అక్కడే తడబడుతుంది.

శుక్రవారం శుక్రవారం గలేబు దిగొచ్చేది.
తొమ్మిది. నాలుగు. నాలుగే.
నాలుగో శుక్రవారం గుడ్డ తెల్లగా వస్తే
యాళిని గంతేసింది.
నేను అద్దం తియ్యలేదు.
ఐదో శుక్రవారం, ఒకటి.
ఆ పిల్ల ఏమీ అనలేదు. నేనూ అనలేదు.
మళ్ళీ నీళ్ళు కాగాయి.
ఏ వారం దిగాయో ఏమో నా కాళ్ళు స్టూలు మీంచి.

నిన్న గలేబులో పాము లేదు.
ఉల్లిపొరలా ఒక కుబుసం,
తల నుంచి తోక దాకా చినగకుండా.
తల వైపు పట్టుకుని దీపానికి ఎత్తాను.
రెండు కంటి పొరలు, గీత పడని బుల్లి గాజులు,
ఏ వాచీకీ సరిపోని కొలత.
వాటి అంచు వెంట ఒక చుట్టు తిరిగాను,
ఇంకో చుట్టు.

"ఏమైనా ఉందా అణ్ణా?"

కొంచెం ఆగు, అన్నాను.
ఎలుకని మింగిందట పొద్దున.