రెండు వందల పదకొండు మాటలు

మొదట్లో గ్యాసు బిల్లుల వెనక రాసుకునేదాన్ని.
తర్వాత మా అక్క కూతురు యానీనా ఒక నోటుబుక్కు కొనిచ్చింది,
అట్ట మీద ఆ ఐదుగురు కుర్రాళ్ళ బొమ్మ,
మూడోవాడి జుట్టు నేరేడుపండు రంగు.

నాకు నలభై ఆరేళ్ళు.
మోంతెవిదేయో రేవు పక్క ఆసుపత్రిలో
రాత్రిపూట నేల తుడుస్తాను.
ఒక చెవిలో తీగ. ఆ చెవిలోనే నా బడి.

ఒక బృందం మీద మనసు పడితే దానికో మాట ఉంది.
ఆ పిచ్చికి కొన్నాళ్ళు సెలవు పెడితే ఇంకోటి.
పూర్తిగా వదిలేస్తే మరొకటి.
(నా పెళ్ళికి మూడూ పనికొచ్చేవి, ఆలస్యంగా దొరికాయి.)
వేలమంది ఒక్క గొంతుతో పాడితే దానికీ ఉంది,
చీకట్లో ఊపే దీపపు కర్రకీ ఉంది.
అందరిలోకీ చిన్నవాడు: మంగ్నె.
అక్కకి వేరే మాట, చెల్లికి వేరే.
మా స్పానిష్‌లో ఇద్దరూ ఒకటే,
ఎవరు ముందు పుట్టారో కేకు మీద కొవ్వొత్తులు లెక్కపెట్టుకోవాల్సిందే.

ఉప్పుని ఏమంటారో తెలియదు.
తలుపుని, ఎముకని, సోమవారాన్ని
ఏమంటారో తెలియదు.

ఆగస్టులో, గాలి నీళ్ళని ఎత్తి రోడ్డు మీదికి విసురుతున్న రాత్రి,
స్క్విడ్ పడవ నుంచి ఒకాయన్ని తెచ్చారు.
అరవై దాటి ఉంటాయి. కుడిచెయ్యి తువ్వాల్లో చుట్టి ఉంది,
తాడు చుట్టే చక్రంలో పడిందట.
దుబాసీ పొద్దున్నకి గాని రాడు.
డాక్టర్ బెంతాంకోర్ తలుపులోంచి తొంగిచూసి
"మిర్తా, నువ్వు ఆ పాటలు వింటావుగా,
చివరిసారి ఎప్పుడు తిన్నాడో అడుగు, మత్తివ్వాలి" అంది.

తుడుపుకర్ర గోడకి ఆనించాను.
నోటుబుక్కు తియ్యక్కర్లేదు, అది పన్నెండో మాట.
కచేరీ అయ్యాక, చెమటలు కక్కుతూ
ఆ పిల్లలు మమ్మల్ని అడిగేది అదే:
పమ్ మొగొస్సొ? అన్నం తిన్నావా?

ఆయన కళ్ళు తెరిచాడు.
తండ్రి వయసు మనిషిని
గోలీలాడే పిల్లాణ్ణి పిలిచినట్టు పిలిచానని నాకేం తెలుసు?
నాకు నేర్పినవాళ్ళు ఎవరూ నా ముందు
పెద్దవాళ్ళతో మాట్లాడలేదు.
నవ్వాడు. అంత నొప్పిలో, ఒక పన్ను లేని నవ్వు.
ఎడమచేతి వేలెత్తి, నా వాక్యం చివర
ఒక అక్షరం తగిలించాడు.
మొగొస్సొ-యో.
నేనూ అన్నాను. మళ్ళీ అనిపించాడు, పంతులుగారిలా.

యో.
మేం పలికేది కాస్త వేరుగాని, రాతలో అదే.
మా దగ్గర దాని అర్థం 'నేను'.
వాక్యం ముందు ఛాతీ విరుచుకుని నిలబడుతుంది.
వాళ్ళ దగ్గర చిట్టచివర నిలబడి
తల వంచుతుంది.

నాలుగు వేళ్ళు చూపించాడు.
నాలుగు గంటల కిందటా, నాలుగింటికా?
అప్పుడు ఎనిమిదైంది, ఎలా లెక్కేసినా ఒకటే.

ఆ తర్వాత ఆగలేదు. తూము తెరిచినట్టు మాట్లాడాడు,
నా దోసిట్లో చుక్క నిలవలేదు.
ఒక్క మాట మాత్రం మూడుసార్లు తగిలింది: మంగ్నె.

నాకు తెలిసిన మంగ్నె పాట ఆఖర్లో పల్టీ కొడతాడు,
వాడి పుట్టినరోజుకి మేం బస్‌స్టాపులో కాఫీ కప్పులు పంచాం.
ఈయన మంగ్నె ఎవరు?
ఇంట్లో కడగొట్టు కూతురా?
పడవలో చిన్న కుర్రాడా? వాడికేమైనా అయిందా?
అడగడానికి నా దగ్గర ఏముంది.
ఉన్నదే అన్నాను, ఈసారి తోకతో సహా:
ఉల్జి మాయో. ఏడవకండి.
ఏడుస్తున్నాడో లేదో కూడా సరిగా చూడలేదు.

దుబాసీ వచ్చేసరికి నా డ్యూటీ దిగిపోయింది.
సెర్రో వెళ్ళే బస్సులో, మాతే ఫ్లాస్కు మోకాళ్ళ మధ్య బిగించి,
మొదటి పేజీ నుంచి పెన్సిల్‌తో
యోలు చేర్చడం మొదలుపెట్టాను.
పదిహేడు దాకా బాగానే సాగింది.
మంగ్నె ఎదురుగా నేను రాసుకున్న అర్థాన్ని కొట్టేశాను.
ఆ ఖాళీలో ఏం రాయాలో తోచలేదు.
తలెత్తేసరికి
దిగాల్సిన చోటు రెండు స్టాపుల వెనకుంది.