మెమోకు జవాబు

ఏడుంబావు నల్లగొండ–దేవరకొండ బస్సుల
టికెట్లన్నీ కొట్టినంక
నా పక్కసీట్ల వచ్చి కూసుంటది కండక్టర్ సైదమ్మ.
మిషిన్‌ల రోలు మూరెడు చించి
ఎనక దిక్కు తెల్లగున్నది నా సంచి మీద పరుస్తది.
"తెలుగుల రాసినా తీసుకుంటరు సార్.
గని మెమో ఇంగ్లీషుల ఇచ్చిండ్రు కద,
ఇచ్చిన భాషల్నే తిరిగి ఇస్త."

మెమోల ఉన్నది ఒక్కటే వాక్యం:
ఫలానా తేదీన ఇరవైరెండు నిమిషాల ఆలస్యానికి
కారణం తెలుపుడు.

వేర్ కాడ మొదలువెట్టినం.
"నిన్నటిదాక ఇది అడిగే మాట.
ఏడికి? అని నువ్వు రోజూ అడిగినట్టు.
ఇయ్యాల అడగది.
ఒక చోటు పేరు చెప్పినంక
దాని ఎనక నిలబడి ఆడ ఏమైందో చెప్తది.
ప్రశ్న గుర్తు అక్కర్లే."
"అంటే డ్యూటీ మారింది," అన్నది, "బండి అదే."

బస్సు ఆగిన చేను.
బస్సు ఆగిన రాత్రి.
బస్సు ఆగిన కారణం.
మనకు ఒక్క 'ఆగిన' చాలు,
చోటును పొద్దును సాకును ఒక్క పాసు మీద ఎక్కిస్తం.
వాళ్లకు చేనుకు వేర్, రాత్రికి వెన్, కారణానికి వై,
ఎవరి టికెట్ వాళ్లదే.

ఇంకోటి గూడ చెప్పిన, అది నాకే అప్పుడు తట్టింది:
మనం జరిగిందంత చెప్పుకుంట చెప్పుకుంట పోయి
ఆఖరికి చేను కాడ దిగుతం.
వాళ్లు ముందుగాల చేను చూపిస్తరు.
కథ ఎనక నడుచుకుంట వస్తది.

"మరి విచ్?"
"ఎక్కొచ్చు. ఒంటిగ కాదు,
ఇన్‌ను చంకనేసుకొని రావాలె. వేర్‌కు లగేజి లేదు."
"హౌ?"
"ది వే కూసుంటే హౌ నిలబడాలె.
హౌ కూసుంటే ది వే దిగాలె. ఇద్దరిదీ ఒకే సీటు."
"అట్ల కొట్లాడేటోళ్లు నాకు రోజూ తలుగుతరు."

గుర్రంపోడు దాటింది. లోపలి లైట్లు ఆరిపి
లతీఫ్ గేరు మార్చిండు.

ఆ రాత్రి నేను బస్సుల లేను. ఆమె చెప్పింది:
ముడావత్ చందు అని ఒక పిలగాడు,
జిరాక్సు తీయించుకొని వస్తున్న పదో తరగతి మెమోను
కిటికీలకెల్లి గాలి గుంజుకపోయింది.
లతీఫ్ బ్రేకు మీద నిలబడ్డడు.
బయట చూస్తే పగిలిన పత్తిచేను,
ఈ చివర నుంచి ఆ చివరదాక తెలుపు,
అండ్ల ఏడనో ఒక తెల్ల కాయితం.
ముప్పైనాలుగు మంది
సెల్లు లైట్లు పట్టుకొని సాల్లల్లకు దిగిండ్రు.
బత్తాయి తోటల కూలికి పోయొచ్చిన ఆడోళ్లు
కాళ్లు గుంజుతున్నయని తిట్టుకుంటనే ఎతికిండ్రు.
దొరికింది దొరికింది అని ఒకాయన ఒర్లిండు,
తీరా చూస్తే అది ఎరువుల బిల్లు.

"వాని మెమో కోసం ఆగితే
నాకో మెమో వచ్చింది, సూడుండ్రి."

ఇప్పుడు రాస్తున్నది.
గుంతకొకసారి పెన్ను ఎగిరి అచ్చరం కాలు ఇరుగుతున్నది.
ది ఫీల్డ్ వేర్,
ఆడిదాక వచ్చి ఆగింది.
"ఆడ ఏమైందని రాయాలె సార్?
బస్సు ఆగిందనా, అందరు దిగిండ్రనా?"
రెండిట్ల ఏదైనా గ్రామర్‌కు సమ్మతమే అన్న.
అందరు దిగిండ్రనే రాసింది.

చివరి వాక్యం నన్ను అడగకుంటనే రాసుకున్నది.
ది రీజన్ వై వుయ్ స్టాప్డ్ ఈజ్ బికాజ్,
ఆ తర్వాత పిలగాడు, గాలి, కాయితం.
రీజన్ ఉన్నంక బికాజ్ దండుగ.
మా క్లాసు పిల్లలకైతే ఒక మార్కు కోస్త.
జేబుల నుంచి ఎర్ర పెన్ను తీసిన.

అంతట్ల కొండమల్లేపల్లి.
"దిగేటోళ్లు ముందుకు రాండ్రి!"
ఆమె లేచి పోయింది, కాయితం నా సంచి మీదనే ఉన్నది.
పెన్ను మూత పెట్టిన.
బికాజ్ అట్లనే ఉండగ
రోలు చుట్టి, వాపసు వచ్చినంక
ఆమె చేతుల పెట్టిన.