నూట పద్నాలుగు కుంటింది

పొద్దున్నే ఉత్తరపు గాలి.
ఈ దేశంలో వేడి ఉత్తరం నుంచే వస్తుంది,
ఎడారి మొత్తాన్ని ఊపిరిలో పెట్టుకుని.
తొట్టి దగ్గర లెక్కపెడుతున్నాను,
అలవాటు కొద్దీ, పెదాలు కదపకుండా.
నూట పద్నాలుగు కుంటింది.

దాని చెవికి పసుపు బిళ్ళ.
పసుపంటే లోపల మనిషి జబ్బు రాసి ఉన్నట్టు,
నీలమంటే లేనట్టు.
మూడక్షరాల మాట ఒకటి,
పలక మీద దిద్దినట్టు మళ్ళీ మళ్ళీ మళ్ళీ,
చాలు ఆపమని ఎవరూ చెప్పని దిద్దుడు.
రాసినవాళ్ళు ఎనిమిదేళ్ళుగా చూస్తున్నారు
గొర్రె దాన్ని పైకి చదువుతుందేమోనని.
అది మేస్తుంది. నెమరేస్తుంది. ఈనుతుంది.

ఫోన్ చేశాను. చెయ్యడం నా ఉద్యోగం.
గంటన్నరలో అడిలైడ్ నుంచి తెల్ల వ్యాను,
డాక్టర్ ఫెనెల్లా, వెనకే కెమెరా మోస్తూ ఒక కుర్రాడు,
బూటు లేసులు ఊడిపోయి, ఉప్పుతుప్పల మీదుగా పరుగు.
"మెరిన్, ఏ కాలు? ఎప్పట్నుంచి? తల ఏమైనా ఊపిందా?"
వాళ్ళ మొహాల్లో వెలుగు.
తప్పు పట్టను. జబ్బు కనబడితేనే కదా
మందు పనిచేసిందో లేదో తెలిసేది.

దాన్ని పట్టి కూర్చోబెట్టాను
ఉన్ని కత్తిరించేటప్పటిలా,
వీపు నా మోకాళ్ళ మధ్య, కాళ్ళు నాలుగూ గాల్లో.
గిట్టల చీలికలో బార్లీగడ్డి ముల్లు.
గోరంత కూడా లేదు.
లాగేశాను. లేచింది. మందలో కలిసిపోయింది,
ఎవరి ఆశనూ భంగం చెయ్యనట్టు.
కుర్రాడు కెమెరాకి మూత బిగించాడు.
"మంచిదే" అంది ఫెనెల్లా.
ఆ మాట రావడానికి కాస్త టైం పట్టింది.

మా నాన్నకి కంచె దగ్గర మొదలైంది.
తీగ బిగిస్తుంటే వేళ్ళు వాటంతట అవే
లేని పియానో వాయించాయి.
చర్చిలో వెనక బల్లవాళ్ళు తాగొచ్చాడనుకున్నారు.
పద్దెనిమిదేళ్ళు.
అంత్యక్రియల్లో పాస్టర్ నెమ్మది, నెమ్మది అన్నాడు.
నిజమే, కాళ్ళు ఆ రోజే నెమ్మదించాయి.

తమ్ముడు డార్సీ పరీక్ష చేయించుకున్నాడు.
ఫలితం చెప్పలేదు. పడవ కొన్నాడు.
నేను చేయించుకోలేదు.
నా చెవికి ఏ రంగు బిళ్ళా లేదు.

ఇవాళ, లెక్క మొదలెట్టకముందు,
టీ కప్పు చేతిలోంచి జారింది.
చెయ్యి తడిగా ఉంది. కప్పు పాతది.
ఎవరికీ ఫోన్ చెయ్యలేదు.
ముక్కలు ఏరి పనికి వచ్చాను.

ఇప్పుడు రాత్రి. చీకట్లో మెడపట్టీల ఎర్ర దీపాలు.
నూట పద్నాలుగు ఎన్నిసార్లు ఒత్తిగిలిందో
అడిలైడ్‌లో ఒక యంత్రం రాసుకుంటోంది.
జేబులో గడ్డిముల్లు దొరికింది.
పారెయ్యబోయి, కిటికీ అంచు మీద
నిటారుగా నిలబెట్టి చూశాను.
పడింది.
గాలి కాబోలు.
కిటికీ మూసి మళ్ళీ నిలబెడుతున్నాను.